జమ్ములకుంట కొర్రమీను

హఫీజ్‌పేట్,
సెప్టెంబరు 2011

ప్రియమైన భ్రమరాంబకు,

మా చెరువును చంపింది నువ్వు. విషం కలిపి కాదు. మాదాపూర్‌లో అద్దాల గదిలో, ఏసీ కింద కూర్చుని, ఒక కాగితం అడుగున సంతకం పెట్టి చంపావు.

కాగితం నా ముందే ఉంది. 'జమ్ములకుంట చేపల్లో కలరా సూక్ష్మజీవి కనబడింది' అని అందులో ఉంది. కింద నీ పేరు. ఎమ్మెస్సీలో నా పక్క బల్ల మీద కూర్చుని, నా స్లైడు చూసి 'నీకు రంగు వేయడం కూడా రాదు' అని వెక్కిరించిన అమ్మాయి పేరు. ఇరవై ఏళ్ల తర్వాత నిన్ను ఇట్లా కలుస్తానని అనుకోలేదు.

నీ సంతకం ఏం చేసిందో తెలుసా? చెరువు గట్టు మీద 'చేపలు పట్టరాదు, తినరాదు' అని మనిషెత్తు బోర్డు వెలిసింది. చేపలు పట్టే హక్కు మా మత్స్యకార సంఘానిది. మా తాతల నాటి నుంచీ ఆ నీళ్ల మీద బతుకుతున్న కుటుంబాలవి. ఆ హక్కు రద్దు చేయాలా వద్దా అని దసరా తర్వాత విచారణ పెట్టారు. రద్దు చేయమని అడుగుతున్నది ఎవరు? చెరువు చుట్టూ కంచె వేసి, నడకదారి, పడవ షికారు, తినుబండారాల కొట్లు పెడతానంటున్న కంపెనీ. నీ ల్యాబుకు చేపలు తెచ్చి ఇచ్చింది ఎవరు? ఆ కంపెనీయే. ఇంత సూటిగా ఉన్న దొంగతనం నీకు కనబడలేదంటే నమ్మమంటావా? నువ్వు కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ ఫ్లాటు కొనుక్కున్న సెటిలర్‌వి. చెరువు పోతే నీకేం? నీ బాల్కనీకి ఎదురుగా ఇంకో పార్కు వస్తుంది.

ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. మన తగాదాలు ఎప్పుడూ కాగితం మీదే తేలాయి. అందుకే ఉత్తరం. ఆ రిపోర్టు వెనక్కి తీసుకో.

కోపంతో,
నీ కొమురయ్య


మాదాపూర్,
సెప్టెంబరు 2011

ప్రియమైన కొమురయ్యకు,

తిట్లు అందాయి. అందులో ఒక్క మాట నిజం, సంతకం నాదే. మిగతాది ఉపన్యాసం. కాలేజీలో జువాలజీ చెప్పే మనిషివి, ఆ పాఠం మర్చిపోయి మైకు పాఠం నేర్చావు.

ఏం జరిగిందో విను. కంపెనీ మనిషి ఒక పాలిథిన్ సంచిలో మూడు చేపలు తెచ్చాడు. మూడూ చచ్చి, పొట్టలుబ్బి, తేలినవి. చచ్చి తేలిన చేప తలుపులు తీసిన సత్రం లాంటిది, నీళ్లలో ఉన్న ప్రతి సూక్ష్మజీవీ లోపలికి దూరుతుంది. అందులో చేపను చంపింది ఏదో, చచ్చాక వచ్చి చేరింది ఏదో దేవుడు కూడా చెప్పలేడు. 'నమూనా స్థితి బాగాలేదు' అని రిపోర్టు రెండో పేజీలో రాశాను. రెండో పేజీ ఎవరూ చదవరు. నువ్వూ చదవలేదు.

ఇక పేరు పెట్టింది యంత్రం. ఆసుపత్రి రోగుల్లో దొరికే సూక్ష్మజీవుల కోసం తయారైన యంత్రమది. చేప రోగాలు దానికి సరిగా తెలియవు. కానీ తెలియదనడం దాని స్వభావంలో లేదు. తనకు తెలిసిన పేర్లలో దగ్గరగా తోచినదాన్ని తీసి అంటిస్తుంది. ఆ అలవాటు యంత్రాలకే ఉందనుకోకు. నన్ను సెటిలర్ అని రాసేటప్పుడు నీకు ఎన్ని పరీక్షలు చేయాలనిపించింది?

అయినా రిపోర్టు వెనక్కి తీసుకోను. నీ కోపం రుజువు కాదప్పా. రుజువు పంపు, తీసుకుంటా. చచ్చిన చేప వద్దు. జబ్బుపడి, ఒంటి మీద ఎర్రటి పుండ్లతో, ఇంకా ఊపిరి తీస్తున్న చేప కావాలి. మీ సంఘం బయట కొని వదిలే బొచ్చె, రవ్వ వద్దు. చెరువులో తనంతట తాను పుట్టి పెరిగిన కొర్రమీను కావాలి, జెల్ల కావాలి. రోగం బయటి నుంచి వచ్చిందా, చెరువులోనే ఉందా అనేది అలాంటి చేపలే చెప్పగలవు.

నీ క్షేమం కోరే,
భ్రమరాంబ


హఫీజ్‌పేట్,
సెప్టెంబరు 2011

ప్రియమైన భ్రమరాంబకు,

సకల జనుల సమ్మె మొదలైంది. కాలేజీకి తాళం, మేం ధర్నా టెంట్ కింద. బస్సులు లేవు. అందుకే మా చిన్నాయన మల్లయ్య, మా సంఘం అధ్యక్షుడు, ఆటో మాట్లాడి చేపలు పంపాడు. కొర్రమీనులే, నువ్వు చెప్పినట్టు పుండ్లతో ఉన్నవే. వల వేస్తే బోర్డు చూపించి కేసు పెడతామన్నారు. ఆయన చేతులతో పట్టాడు. పరీక్ష తొందరగా చెయ్.

ఈలోగా నేను ఊరికే కూర్చోలేదు. కరపత్రం రాశాను. అందులో ముఖ్యమైన వాక్యం నీకు పంపుతున్నా: 'కోస్తా హేచరీల నుంచి తెచ్చి మన చెరువుల్లో పోసిన చేపపిల్లే ఈ రోగాన్ని మోసుకొచ్చింది.' నీళ్లు వాళ్లవి, ఉద్యోగాలు వాళ్లవి, చివరికి చేపపిల్ల కూడా వాళ్లదే. టెంట్‌లో చదివి వినిపిస్తే చప్పట్లు ఆగలేదు. నువ్వు ఒప్పుకోవని తెలుసు. కానీ చెప్పు, మన చెరువులు పూడ్చింది ఎవరు? మన చేపపిల్లల కేంద్రాలను పాడుబెట్టింది ఎవరు? పెద్ద నిజం ఒకటి ఉన్నప్పుడు చిన్న నిజం కోసం దాన్ని ఆపమంటావా?

నీ
కొమురయ్య


మాదాపూర్,
సెప్టెంబరు 2011

ప్రియమైన కొమురయ్యకు,

మీ చేపలు అందాయి. స్టీలు డబ్బా మూత తీయగానే ల్యాబంతా పసుపు వాసన. పొలుసు తీశారు. పొట్ట చీల్చి శుభ్రం చేశారు. ఉప్పూ పసుపూ దట్టంగా పట్టించారు. ముక్కలు మాత్రం కొట్టలేదు, ఆ ఒక్క పని నాకు వదిలారు. పక్క బల్ల అమ్మాయి 'మేడమ్, మసాలా తేనా?' అంది. ల్యాబులో అందరూ పడీపడీ నవ్వారు. నేను నవ్వలేదు. మీ చిన్నాయన కేసుకు తెగించి పట్టిన చేపలవి.

అయ్యా జువాలజీ లెక్చరర్ గారూ, చేపకు మూత్రపిండం ఎక్కడుంటుంది? వెన్నుముల్లును అంటుకుని, ముదురు ఎరుపు రంగులో, గడ్డకట్టిన నెత్తురు చారలా ఉంటుంది. జబ్బు చేసిన చేపలో రోగకారకం దొరికే చోటు అదే. బతికున్న చేపలో బయటివి అంత తేలిగ్గా అక్కడికి చేరవు. మీ వాళ్లు నల్ల నెత్తురని వేలితో గీరి కడిగేసింది సరిగ్గా దాన్నే.

తప్పు నాది కూడా. చేపను కోయకుండా పంపాలని చెప్పాల్సిన అవసరం ఉంటుందని నాకు తోచలేదు. ఆదివారం నేనే వస్తా. కత్తి, పెట్రి డిష్‌లు, మంటకు స్పిరిటు దీపం నేనే తెస్తా. చెరువు గట్టునే కోద్దాం.

కరపత్రం సంగతి. ఏ పరీక్షా లేకుండా రోగానికి జిల్లా పేరు పెట్టావు. ఆ యంత్రానికీ నీకూ తేడా చెప్పు.

భ్రమరాంబ


హఫీజ్‌పేట్,
అక్టోబరు 2011

ప్రియమైన భ్రమరాంబకు,

నువ్వు వచ్చి వెళ్లినప్పటి నుంచి మా పోశమ్మ చిన్నమ్మ నీ గురించి తప్ప మాట్లాడటం లేదు. స్టేషన్ దగ్గర గంప పెట్టి చేపలమ్మే మనిషి, ఎవరినీ తొందరగా మెచ్చుకోదు. నిన్ను మెచ్చుకుంటున్నదో తిడుతున్నదో నాకే అర్థం కావడం లేదు.

నువ్వు కొర్రమీను పక్కటెముక పక్కన చిన్న గాటు పెట్టి, లోపలికి తీగ పోనిచ్చి తీసినప్పుడు ఆమె అన్న మాట విన్నావుగా: "ఏందమ్మా గట్ల కోస్తవ్? గట్ల కోస్తే కూరెట్లయితది?"

నువ్వు "కూరకు కాదు పెద్దమ్మా, పరీక్షకు" అన్నావు.

"గా ముచ్చట ముందుగాల్నే చెప్తే ఏం పోయె నీది? ఆడిబిడ్డ ఇంటికి పంపినట్టు కడిగి, పసుపు రాసి పంపితి. పొద్దుగాల సంది కూసోని గీరిన."

చిన్నాయన వెంటనే అందుకున్నాడు. "చదువుకున్నోళ్ల ఇంటికి పొలుసు తియ్యని చేప పంపుతే మన ఇజ్జత్ ఉంటదా? నేనే చెప్పిన గట్ల చెయ్యమని."

నువ్వు ఆయన ముందు చేతులు జోడించావు. అప్పుడు నాకు నీ మీద కోపం పోయింది. దారిలో మళ్లీ వచ్చింది, హేచరీల గురించి రైల్వే ప్లాట్‌ఫారం మీద నన్ను నిలబెట్టి కడిగినప్పుడు. 'నువ్వు చెప్పే దోపిడీ నిజమే కొమురయ్యా, దానికి అబద్ధపు సాక్ష్యం ఎందుకు?' అన్నావు. అబద్ధం అని అప్పుడే ఎట్లా అంటావు? ఫలితం రాలేదు కదా?

కరపత్రం ప్రెస్సులో ఉంది. విచారణ దగ్గరికొచ్చింది. చేపలు రోజూ తేలుతున్నాయి. ఫలితం తొందరగా చెప్పు, అదే ఇప్పుడు మాకు దిక్కు. హక్కు ఒక్కసారి పోతే మళ్లీ రాదు. ఈ చుట్టుపక్కల ఎన్ని చెరువులు పార్కులయ్యాయో, ఆ పార్కుల్లో మావాళ్లు ఎందరు కాపలా ఉద్యోగాలకు కుదిరారో నాకు తెలుసు. తమ చెరువు ముందు తామే కర్ర పట్టుకుని నిలబడి 'లోపలికి పోవద్దు' అని చెబుతున్నారు.

నీ
కొమురయ్య


మాదాపూర్,
అక్టోబరు 2011

ప్రియమైన కొమురయ్యకు,

కలరా కాదు.

ఇప్పుడు ఎలా తెలిసిందో చెబుతా. నమ్మకం మీద కాదు, నువ్వు ఎవరి ముందైనా నిలబడి చెప్పగలిగేలా విను.

కోసిన ప్రతి కొర్రమీనులో, రెండు జెల్లల్లో, మూత్రపిండం నుంచి ఒకే రకం సూక్ష్మజీవి పెరిగింది. కలగాపులగం లేదు. అంటే ఇది చచ్చాక దూరింది కాదు, బతికుండగానే చేపను పట్టింది. దాన్ని మళ్లీ అదే యంత్రంలో పెట్టాను. యంత్రం మళ్లీ కలరా అంది! దానికి సిగ్గు లేదు. అప్పుడు చేత్తో మొదలుపెట్టాను. కలరా జీవి సాధారణంగా ఒక మందు బిళ్ల దగ్గర పెరగదు. ఇది దాన్ని ఆనుకుని పెరిగింది. అదొక్కటే చాలదు, మన దేశంలో ఆ బిళ్లకు లొంగని కలరా కూడా ఉంది. గాజు పలక మీద ఒక రసాయనం చుక్క వేసి కలిపితే కలరా జీవి పగిలి లేతపాకంలా తీగ సాగుతుంది. ఇది సాగలేదు. ఉప్పు పెంచితే చచ్చింది. కలరాను పట్టే సీరంతో గడ్డకట్టలేదు. చివరికి జన్యువు చదవడానికి వేరే ల్యాబుకు నా సొంతంగా పంపాను. అక్కడి నుంచీ అదే మాట. ఇది ఏరోమోనాస్, అందులో వెరోనీ అనే జాతి. యంత్రాలు దీన్ని కలరా కుటుంబంతో పొరబడటం కొత్తేమీ కాదు. నాకు ముందే అనుమానం రావాల్సింది.

ఏరోమోనాస్ లేని చెరువు ఉండదు. మామూలుగా చేప దాన్ని లెక్కచేయదు. ఊపిరాడక, నీరసించి ఉన్నప్పుడే అది పైచేయి అవుతుంది. మరి జమ్ములకుంటలో చేపకు ఊపిరి ఎందుకు ఆడటం లేదు? ఆదివారం మీ గట్టున తూర్పు మూల నీళ్లలో మీటరు పెట్టాను. అపార్టుమెంట్ల మురుగు గొట్టం పడే చోట ప్రాణవాయువు దాదాపు లేదు. ఆ అపార్టుమెంట్లలో మురుగు శుద్ధి చేసే యంత్రం ఉంది. నడపడం దండగని ఎప్పటి నుంచో సగం రోజులు ఆపేస్తున్నారట. ఇప్పుడు బొగ్గు లేక కరెంటు కోతలు. జనరేటరు లిఫ్టులకు పెడుతున్నారు, మురుగుకు కాదు. వాచ్‌మన్‌ను అడిగితే అతనే చెప్పాడు.

ఆ లిఫ్టుల్లో ఎక్కేవాళ్లు ఎవరు? అనంతపురం వాళ్లున్నారు, గుంటూరు వాళ్లున్నారు, వరంగల్ వాళ్లున్నారు. ఇక నీ చేపపిల్ల. సంఘం రెండేళ్లుగా ఆ చెరువులో బయటి పిల్ల వేయలేదని మల్లయ్య గారే చెప్పారు. నువ్వు అడగలేదు, నేను అడిగాను. చస్తున్నవి ఎవరూ తేని కొర్రమీనులు.

సవరించిన రిపోర్టు రాసి మేనేజరు ముందు పెట్టాను. 'డబ్బు కట్టింది కంపెనీ. వాళ్లు అడగని పరీక్ష మనం చేయలేదు' అన్నాడు. చేశాను కదా అంటే, 'అయితే అది మీరు చేశారు, ల్యాబు చేయలేదు' అన్నాడు. సరే, నేనే వచ్చి విచారణలో చెబుతా. ఒక్క షరతు. ఆ వాక్యం కరపత్రంలో ఉంటే రాను. సగం నిజం పక్కన నా పరీక్ష నిలబడదు. కంపెనీ వకీలు ముందు దాన్నే చదువుతాడు, తర్వాత నా మాట ఎవరూ వినరు.

నీ
భ్రమరాంబ


హఫీజ్‌పేట్,
అక్టోబరు 2011

ప్రియమైన భ్రమరాంబకు,

ఆ వాక్యం తీసేశాను. ప్రెస్సుకు పోయి, అచ్చయిన కట్టలు చించి, మళ్లీ వేయించాను. నాకు నువ్వు చెప్పిన నీతి నచ్చి కాదు. పోశమ్మ చిన్నమ్మకు నీ ఉత్తరం చదివి వినిపిస్తే ఆమె "మరి గిదే రాయి, గా గొట్టం ముచ్చట. హేచరీని నేనేడ పోయి మూయాలె? గొట్టమైతే నా కండ్ల ముంగట ఉన్నది" అంది. టెంట్‌లో మావాళ్లు అలిగారు. 'సెటిలర్ చెప్పిందని రాత మారుస్తవా' అని ఒకడు అడిగాడు. వాడితో గంటసేపు కొట్లాడాను, నీ తరఫున. నా జీవితంలో ఇదొక వింత.

తెలంగాణ వస్తుంది, ఆ విషయంలో నాకు ఫికర్ లేదు. వచ్చిన తెలంగాణలో కూడా ఆ గొట్టం ఉంటే ఏం చేయాలన్నదే ఇప్పుడు నా తలలో తిరుగుతున్నది.

రేపు రైల్ రోకో. పట్టాల మీద ఉంటాను. విచారణ నాడు కార్యాలయం గేటు దగ్గర కలుద్దాం. నేను మాట్లాడతాను, నువ్వు పరీక్ష గురించి రెండు ముక్కలు చెబితే చాలు.

నీ
కొమురయ్య


మాదాపూర్,
అక్టోబరు 2011

ప్రియమైన కొమురయ్యకు,

ఈ ఉత్తరం జైలుకు రాస్తున్నా. నీకు ఇచ్చే ముందు ఎవరో విప్పి చదువుతారట. చదవనీ. వాళ్లూ ఆ చేపలే తింటారు.

గేటు దగ్గర నీకోసం చాలాసేపు చూశాం. పట్టాల మీద నుంచి నిన్ను ఎత్తి వ్యాన్లో వేశారని మల్లయ్య గారికి ఫోనొచ్చింది. "ఇగ వాయిదా అడుగుదాం బిడ్డా, మాట్లాడెటోడే లేడాయె" అన్నారు. వాయిదా అంటే కంచె పని మొదలవుతుందని ఆయనకూ తెలుసు. నేను లోపలికి నడిచాను. పోశమ్మ నా చెయ్యి పట్టుకుని వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

రెండు ముక్కలు చెబితే చాలన్నావు. గంటకు పైగా మాట్లాడాను. పెట్రి డిష్‌లు బల్ల మీద పెట్టి, ఒక్కొక్క పరీక్ష చూపించాను. మొదటి రిపోర్టు తప్పని, ఆ తప్పు ఎలా జరిగిందో చెప్పాను. ఈ చేపను పచ్చిగా తినకూడదని, చేతికి గాయముంటే కోయకూడదని, బాగా ఉడికిస్తే భయం లేదని కూడా చెప్పాను. మనకు అనుకూలం కానిది దాస్తే మిగతాదీ చెల్లదు.

కంపెనీ వకీలు లేచాడు. "మేడమ్, మీది ఏ జిల్లా?"

"కర్నూలు."

"మరి వీళ్ల ఉద్యమంతో మీకేం పని? మిమ్మల్నెవరైనా బెదిరించారా?"

నేను నోరు తెరిచేలోపే పోశమ్మ అందుకుంది. "ఆమెది ఏ జిల్లా అయితే నీకేంది సారూ? చేప ఏం జెప్పిందో అడుగు. గది అడగవు, అడుగుతే నీ నౌకరి పోతది."

గదిలో ఉన్న గుమాస్తా నవ్వాపుకోలేక బయటికి పోయాడు.

విచారణ జరుపుతున్న అధికారి ఒక దారి చూపించాడు. హక్కు వదులుకుంటే కుటుంబానికి ఇంతని పరిహారం, నడకదారి దగ్గర కాపలా ఉద్యోగాలు. కంపెనీ ఇస్తుందట. మల్లయ్య గారు లేచి నిలబడ్డారు. "సార్, చెరువుకు జబ్బు చేసింది. జబ్బు చేసినోన్ని దవాఖానకు తీస్కపోతరా, ఇల్లు అమ్ముకుంటరా?" అని అడిగారు.

అధికారి హక్కు రద్దు చేయలేదు. అలాగని ఉంచుతున్నానని కూడా చెప్పలేదు. 'మీకేం కావాలో రాసివ్వండి, నెలాఖరుకు తేలుస్తా' అన్నాడు. మేం విన్నపం రాస్తామని అతను అనుకున్నాడు. నేను విన్నపం రాయలేదు.

నా ఉద్యోగం పోయింది. మేనేజరు మర్యాదగానే పంపించాడు. సూక్ష్మదర్శిని కొనే స్తోమత నాకుంది, పెట్టుకోవడానికి సంఘం భవనంలో ఒక గది ఉందని పోశమ్మ చెప్పింది. కిరాయి ఎంతని అడిగితే తిట్టింది. నువ్వు బయటికొచ్చాక టెంట్‌లో అలిగినవాళ్లను ఒకసారి ఆ గదికి తీసుకురా. నాతో కొట్లాడాల్సింది ఏదైనా ఉంటే పరీక్ష చూశాక కొట్లాడొచ్చు.

అధికారికి ఇచ్చిన కాగితం నకలు కింద రాస్తున్నా. సంఘం సభ్యులందరూ వేలిముద్రలో సంతకాలో పెట్టారు. నాదీ ఉంది.

నీ స్నేహితురాలు,
భ్రమరాంబ

మా డిమాండ్లు:

1. జమ్ములకుంట చేపల్లో కలరా ఉందన్న రిపోర్టును రద్దు చేయాలి. దాని మీద సంతకం చేసినవారిని, నమూనా తెచ్చినవారిని ఇద్దరినీ విచారించాలి.

2. గట్టు మీద బోర్డు తీసేయాలి. చేపలను ఎలా కోయాలో, ఎంత ఉడికించాలో చెప్పే బోర్డు దాని చోట పెట్టాలి.

3. చేపలు పట్టే హక్కు సంఘానిదేనని రాతపూర్వకంగా ఇవ్వాలి. పరిహారం మాకు వద్దు. కాపలా ఉద్యోగాలు వద్దు.

4. ఇకముందు ఏ పరీక్షకైనా జబ్బుపడి బతికున్న చేపనే తీసుకోవాలి. సంఘం వాళ్లే పట్టాలి, సంఘం వాళ్ల ముందే కోయాలి. యంత్రం చెప్పిన పేరును చేతి పరీక్షలతో సరిచూడకుండా బయటపెట్టకూడదు.

5. చెరువు చుట్టూ కంచె వేయకూడదు.

6. మురుగు గొట్టం మూయాలి. పైవాటిలో దేనికైనా ఆలోచించుకోవడానికి నెలాఖరు దాకా టైము తీసుకోండి. దీనికి లేదు. చేపలు ఇవాళ కూడా చచ్చాయి.